చీకటేనా?

ఆ పరిశోధనా సంస్థలో కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది ఇసుక గురించి కాదు, తలుపు గురించి. నడవా చివర నల్లరంగు పూసిన తలుపు ఒకటుంది. దాన్ని తోసుకుని లోపలికి పోకూడదు. బయట నిలబడి "చీకటేనా?" అని అడగాలి. లోపలి మనిషి "చీకటే" అంటే పక్కనున్న బెంచీ మీద నోరు మూసుకుని కూర్చోవాలి. "వెలుతురే" అంటే తలుపు తీయొచ్చు. డైరెక్టరయినా సరే, ఆ గుమ్మం దగ్గర ఆయన హోదా చెల్లదు. తొందరపడి తలుపు తీస్తే బల్ల మీద పరిచిన ఇసుకకు నడవా వెలుతురు తగిలి, ఎవరెవరో ఎండలో పడ్డ పాట్లన్నీ మట్టిపాలైపోతాయి.

ఆ తలుపు లోపల ఉండే మనిషిని అందరూ చీకటక్క అంటారు. గాజు పాత్రలు కడిగే పనికి వచ్చి, చూసి చూసి మిగతా పనులన్నీ నేర్చుకుని, చివరికి ఆ గదికి తానే దిక్కయింది. సన్నటి ఎర్రదీపం కింద రోజంతా గడిపే కళ్ళు కదా, బయటికొస్తే ఎండకు వాటిని చికిలిస్తుంది. తెలియనివాళ్ళు తమను అనుమానంగా చూస్తోందనుకుంటారు. నిజానికి అనుమానం కూడా కొంత ఉంటుంది లెండి. ముక్కు మీదే కోపం, నాలుక చివరే మాట. కానీ ఆమె చేతిలో పడ్డ ఇసుక రేణువు పొత్తిళ్ళలో బిడ్డంత భద్రంగా ఉంటుందని ఆమె అంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఇసుకకు అంత చీకటి దేనికో చెప్పాలి. పలుగురాయి రేణువు ఎండలో ఉన్నంతసేపు ఖాళీగా ఉంటుంది. దాని మీద మరో పొర ఇసుక కప్పేసిందంటే, చుట్టూ ఉన్న మట్టిలోంచి వచ్చే కంటికి కనిపించని రేడియేషన్ దానిలో కొద్దికొద్దిగా పేరుకోవడం మొదలవుతుంది. ఎన్నేళ్ళు పూడి ఉంటే అంత పేరుకుంటుంది. చీకట్లోనే దాన్ని తెచ్చి, చీకట్లోనే జల్లించి, ఆసిడ్‌తో కడిగి, మిషన్‌లో పెట్టి నీలికాంతి వేస్తే, ఆ పేరుకున్నదంతా సన్నటి మెరుపుగా బయటికొచ్చేస్తుంది. ఆ మెరుపును కొలిస్తే ఆ రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎన్నాళ్ళయిందో తెలుస్తుంది. మధ్యలో ఎక్కడైనా కాస్త వెలుతురు తగిలిందా, అంతా మరిచిపోతుంది. మనుషులకు ఆ సదుపాయం లేదు.

ఊరి చివరి వీధి దాటితే ఎడారి. గాలి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వీచే చోట నెలవంకలా వంగిన చిన్న దిబ్బలు పుడతాయి. గాలి ఒక రేణువును ఎగరేస్తుంది, అది పడుతూ మరికొన్నింటిని ఎగరగొడుతుంది. అవన్నీ దిబ్బ వీపు మీదుగా ఎక్కి అవతలికి జారిపడుతూ ఉంటే దిబ్బ మొత్తం ఏటా కాస్త కాస్త నడుస్తుంది. పెద్ద దిబ్బల తీరు వేరు. ఒక కాలంలో ఒక దిక్కు నుంచీ, మరో కాలంలో మరో దిక్కు నుంచీ గాలులు వచ్చిపడే చోట ఇసుక ఎటు పోవాలో తెలియక, మూడు నాలుగు చేతులు చాచి, ఉన్నచోటే పైకి లేస్తుంది. అలా లేచిన కొండంత దిబ్బ ఒకటుంది అక్కడ. సంస్థలో దాన్ని ముసలిది అంటారు. అది కదలదు. దాని కడుపులో పడ్డది బయటికి రాదు. అది ఎప్పుడు పుట్టిందో తేల్చాలని కూర్చుని చాలామంది జుట్టు నెరిపించుకున్నారు. గాలిని కొలిచే స్తంభాలు పాతారు. రాడార్ పెట్టెను దిబ్బ మీద ఈడ్చుకుంటూ తిరిగి లోపలి పొరల బొమ్మలు తీశారు. కానీ పొర వయసు తేలాలంటే మాత్రం ఇసుక ఆ చీకటి గదికి రావలసిందే.

ఆ ఇసుక తెచ్చేవాడు చీకటక్క భర్త. సంస్థలో అతన్ని గొట్టాలాయన అనేవారు. దిబ్బలో గొయ్యి తవ్వి, గోడ నున్నగా చెక్కి, మూరెడు ఇనుప గొట్టాన్ని ఆ గోడలోకి అడ్డంగా సుత్తితో దించేవాడు. దాన్ని పెకలించి, రెండు వైపులా మూతలు బిగించి, నల్లటేపు చుట్టి, నల్ల సంచిలో వేసి తెచ్చేవాడు. టేపు చివరను కొంచెం మడత పెట్టేవాడు, చీకట్లో ఆమె వేళ్ళకు దొరకాలని. పెళ్ళికి ముందు కూడా రోజూ గొట్టాలు ఒళ్ళో పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చునేవాడు. "చీకటేనా?" అన్న ఆ గొంతు కోసం ఆమె లోపల చెవులు రిక్కించుకుని ఉండేది. సగం పెళ్ళిమాటలు ఆ తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడే మాట్లాడుకున్నారు.

లోపల మామూలు దీపంగా ఒక పాత ట్యూబులైటు ఉండేది. వేస్తే చాలు, దాని చోకు జుయ్యిమని కందిరీగల్లా రొద పెట్టేది. "రేపు కొత్త చోకు వేస్తా" అనేవాడు అతను. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. అతను పోయాక ఆమె ఎలక్ట్రీషియన్ను కూడా దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.

గోతుల పనంటే ఆమెకు మొదట్నుంచీ భయం. దిబ్బ లోపలి ఇసుకలో కాస్త చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ ఉన్నంతసేపే గొయ్యి గోడ నిలబడుతుంది. ఎండెక్కి ఆరిందంటే, పొడి ఇసుకకు నిలువుగా నిలబడే గుణం లేదు, జారిపోతుంది. అందుకే చెక్కలు ఆనించి, తెల్లారగానే దిగి, ఎండ ముదరక ముందే పైకి వచ్చేయాలి. స్టోరులో ఖాళీ వస్తే అక్కడికి మారిపోతానని అతను మాట ఇచ్చాడు. ఖాళీ వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసలిదాని పాదం దగ్గర, అట్టడుగు పొరలో గొట్టం దించే పని కూడా వచ్చింది. "ఇదొక్కటీ కానీ" అన్నాడు. ఇంట్లో మాటా మాటా పెరిగింది. మర్నాడు తెల్లవారుతూనే ఆమె మొహం ముడుచుకుని, అతనికి చెప్పకుండానే పనికి వచ్చేసింది. వచ్చిందే కానీ పనేమీ మొదలుపెట్టలేదు. ట్యూబులైటు వేసుకుని స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి తలుపు అవతల గొంతు వినిపించింది.

"చీకటేనా?"

బల్ల మీద ఇసుక లేదు. మూత తీసిన గొట్టం లేదు. గది పట్టపగల్లా ఉంది.

"చీకటే" అంది ఆమె.

అవతల బెంచీ కిర్రుమంది. అతను కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో ఆమెకు తెలియదు, కోపంలో పట్టించుకోలేదు. తర్వాత బెంచీ మళ్ళీ కిర్రుమంది. బూట్ల చప్పుడు నడవాలో దూరమైంది. జీపు కదిలిన శబ్దం వినిపించాక, ఎందుకలా అన్నానా అని ఒక్కసారి అనిపించింది. సాయంత్రం వస్తాడుగా, అప్పుడు చెప్పొచ్చులే అనుకుంది.

మధ్యాహ్నం డ్రైవరు ఒక్కడే వచ్చాడు, ఒళ్ళంతా ఇసుకతో, చేతిలో నల్ల సంచితో.

"ఆలస్యంగా దిగామక్కా" అన్నాడు. "ఎండెక్కింది, రేపు చేద్దాం అన్నా. వినలేదు. గొట్టం పైకి అందించి, దీనికి వెలుతురు తగలనివ్వకు అన్నాడు. నేను సంచిలో పెట్టి ఇటు తిరిగేసరికి గోడ లేదు."

అందరూ వెళ్ళి తవ్వారు. మనిషిని బయటికి తీసేసరికే అంతా అయిపోయింది.

ఆలస్యంగా అన్న ఆ ఒక్క మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఎందుకు ఆలస్యమైందో తెలిసింది ఆమెకొక్కదానికే. పైగా ఆ గొట్టం ఉంది. గొట్టం విప్పగానే ఎవరైనా మొదట చేసే పని చెమ్మ చూడటం. చిటికెడు ఇసుక తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూస్తారు. ఆ లెక్క లేకుండా వయసు తేలదు. అంటే అతను గొట్టం దించే వేళకు గోడ తడిగా ఉందో ఆరిపోయిందో అందులో ఉంది. తడిగా ఉంటే గోడ మరేదో కారణంతో కూలినట్టు. ఆరిపోయి ఉంటే, తను అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ కాసేపే అతన్ని మింగేసినట్టు. ఆమె ఆ సంచిని కింది అరలో, ఆసిడ్ జాడీల వెనక, గోడకు ఆనించి పెట్టేసింది. అప్పటి పెద్దసారు జాలిపడి అడగలేదు. తర్వాత ఆయన రిటైరైపోయాడు.

తలుపు దగ్గర గొంతు మాత్రం రిటైరవలేదు. రోజూ రాదు. ఆమె పనిలో తలమునకలై, చేతిలో జల్లెడ ఉన్నప్పుడు, ఏ తొందరా లేకుండా మామూలుగా అడుగుతుంది, "చీకటేనా?" అని. మొదటిసారి ఆమె జల్లెడ వదిలేసి పరుగున వెళ్ళి తలుపు తీసింది. నడవా ఖాళీగా ఉంది. బల్ల మీది ఇసుక పాడైంది. తర్వాత తలుపు తీయడం మానేసి, "చీకటే" అని జవాబు మాత్రం చెప్పేది. చెప్పకపోతే మళ్ళీ అడుగుతుంది. చెబితే బెంచీ కిర్రుమంటుంది. లేచి వెళ్ళిన చప్పుడు మాత్రం ఎప్పుడూ వినపడదు. ఈ సంగతి ఆమె ఎవరి చెవినా వేయలేదు. వేస్తే పిచ్చిదంటారు, లేదా సెలవు పెట్టుకోమంటారు. ఆమెకు రెండూ అక్కర్లేదు.

అలా ఏళ్ళు గడిచాక ఇసుక డాక్టరమ్మ వచ్చింది. వైద్యం డాక్టరు కాదు, దిబ్బల మీద పరిశోధన చేసి ఆ పట్టా తెచ్చుకున్న అమ్మాయి. నెమ్మదస్తురాలు. ఒకరోజు పద్ధతిగా బెంచీ మీద కూర్చుని, "వెలుతురే" అనిపించుకున్నాకే లోపలికి వచ్చింది.

"అక్కా, ముసలిదాని పై పొరలన్నీ లెక్క తేలాయి. అట్టడుగుదే లేదు. మళ్ళీ తవ్వుదామంటే దాని చెయ్యొకటి ఆ చోటు మీదికి పెరిగిపోయింది. అప్పట్లో అక్కడినుంచి ఒక గొట్టం వచ్చిందని డ్రైవరన్న చెప్పాడు."

"వచ్చింది."

"ఉందా?"

ఎవరైనా ఒకటంటే నాలుగు అనే మనిషి ఆ రోజు కింది అరలోని ఆసిడ్ జాడీల వైపు చూసింది. చివరికి "ఉంది" అంది.

"మీరు విప్పితేనే విప్పినట్టు" అంది డాక్టరమ్మ. "వద్దనుకుంటే నేను ఇంకెప్పుడూ అడగను."

గట్టిగా అడిగి ఉంటే చీకటక్క ఇంకా గట్టిగా దెబ్బలాడేది. అలా మెత్తగా వదిలేసేసరికి ఏం చేయాలో తోచక, ఆ మాటను ఇంటికి మోసుకుపోయింది.

ఇల్లంటే రెండు గదులు, మూడో అంతస్తు. కిటికీ అంచున తడిగుడ్డ కుక్కినా ఇసుక లోపలికి వస్తూనే ఉంటుంది. అత్తగారు చీపురుతో దాన్ని మూలకు నెడుతూ తిడుతూ ఉంటుంది. ఆవిడకు చూపు మందగించింది కానీ నాలుక మందగించలేదు.

"అత్తయ్యా, ముసలిదాని గొట్టం విప్పమంటున్నారు."

"ఏ ముసలిదాన్ని? నన్నేనా?"

"మిమ్మల్ని విప్పితే మూత పెట్టడం ఎవరి తరం? ఆ దిబ్బది."

చీపురు ఆగింది. "వాడు దించిందా? ఇంకా విప్పలేదా?"

"లేదు."

"వాడు ప్రాణం పెట్టి తెచ్చిన దాన్ని మూలన పడేశావా? ఎందుకే?"

అప్పుడు ఆమె చెప్పేసింది. ట్యూబులైటు, స్టూలు, తను అన్న అబద్ధం, బెంచీ, చెమ్మ, అన్నీ. చెబుతూ ఏడవలేదు. చెప్పడం అయ్యాక ఏడ్చింది. అత్తగారు చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. ఓదార్చలేదు, నిందించలేదు.

"విప్పు" అంది చివరికి. "తడో పొడో తేలనీ. ఏదైనా సరే, నాకు వచ్చి చెప్పు. తేలకపోతే నువ్వూ నేనూ ఇద్దరం ఆ గోతిలోనే ఉంటాం."

మర్నాడు ఎర్రదీపం కింద, డాక్టరమ్మ పక్కన నిలబడి ఉండగా, ఆమె సంచి విప్పింది. చల్లటి ఇనుము చేతికి తగిలింది. వేళ్ళు వాటంతట అవే టేపు చివర వెతుక్కున్నాయి. మడత ఉంది. పట్టుకుని లాగితే టేపు ఊడి రాలేదు, ఎండుటాకులా పొడిపొడిగా విరిగిపోయింది. దాని జిగురంతా ఎప్పుడో ఎండిపోయింది.

గొట్టం రెండు చివర్లలో ఉండే ఇసుకకు తవ్వేటప్పుడే ఎండ తగులుతుంది. అది లెక్కకు పనికిరాదు, గీకి పారేస్తారు. ఆమె గీకింది కానీ పారేయలేదు, ఒక చిన్న గిన్నెలో వేసి, నల్లగుడ్డ కప్పి పక్కన పెట్టింది. డాక్టరమ్మ చూసి ఏమీ అనలేదు. తర్వాత మధ్యలోని ఇసుక చిటికెడు తీసింది. వేళ్ళ మధ్య నుంచి పంచదారలా జారిపోయింది. తూచింది, ఆరబెట్టింది, మళ్ళీ తూచింది. త్రాసు ముల్లు ముందున్న చోటు నుంచి కదలలేదు.

"ఆరిపోయింది" అంది ఆమె. "గోడ ఆరిపోయింది. నా వల్లే."

ఆ మాట వెనక ఏముందో డాక్టరమ్మకు తెలియదు. "గోడ సంగతి దీన్నిబట్టి చెప్పలేమక్కా" అంది. "టేపు చూడండి, ఎలా అయిపోయిందో. ఇన్నేళ్ళలో ఎంత తడి ఉన్నా మూతల సందుల్లోంచి పోతుంది. సంచి ఉంది కాబట్టి వెలుతురు దూరలేదు, చెమ్మకు పై పొరల లెక్క వాడుకుంటే వయసు తేలుతుంది. కానీ అప్పుడు తడిగా ఉందో లేదో ఇప్పుడు ఎవరి వల్లా కాదు. వచ్చిన కొత్తల్లో విప్పి ఉంటే తెలిసేది."

చీకటక్క స్టూలు మీద కూలబడింది. జవాబుకు భయపడి దాన్ని దాచింది. దాచి దాచి తనే ఆరబెట్టేసింది. తప్పు తనదేనని తేలినా ఇంత బాధ ఉండేది కాదేమో. అప్పుడే తలుపు దగ్గర ఆ గొంతు, ఎప్పటిలాగే, "చీకటేనా?" అంది.

"చీకటే" అంది ఆమె.

"ఎవరక్కా? నాకేం వినపడలేదే" అంది డాక్టరమ్మ.

"ఎవరూ లేరు. అలవాటు."

ఆ సాయంత్రం అత్తగారికి చెప్పింది. "తేలలేదత్తయ్యా. నేనే ఆలస్యం చేశాను, ఇప్పుడు కూడా." అత్తగారు కంచం ఆమె ముందుకు జరిపి, తినమంది.

కొన్ని వారాలకు ముసలిదాని వయసు తేలింది. వెయ్యేళ్ళకు కాస్త అటూ ఇటూ. అనుకున్నదాంట్లో పదో వంతు కూడా లేదు. మూడు దిక్కుల గాలులు కలిసి ఇంత తక్కువ కాలంలో అంత కొండను పోగేశాయా అని సంస్థంతా ఒకటే హడావిడి. ఆ హడావిడిలో డాక్టరమ్మ ఆమెను మిషన్ దగ్గరికి పిలిచింది. "ఆ రోజు మీరు గిన్నెలో వేసి ఉంచారు కదా, చివర్ల ఇసుక. దాన్నీ పెట్టి చూశాను. ఏమీ అనుకోకండి."

తెర మీద గీత నేలబారుగా ఉంది. మెరుపన్నదే లేదు.

"సున్నా అంటోందేం?" అంది చీకటక్క. "ఇన్నేళ్ళు చీకట్లో ఉంది కదా."

"మన ఏళ్ళు దీనికి ఆనవక్కా. కొన్ని వందలైతే తప్ప సరిగ్గా లెక్కలోకి రావు. దీనికి తెలిసినంతవరకూ ఇది ఇప్పుడే ఎండ చూసింది."

ఆ ఎండ అతను చూసిన ఆఖరి ఎండ. చీకటక్క ఆ గీత వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆమెకు సగం జీవితం గడిచిపోయింది. ఇసుకకు ఇంకా ఆ పొద్దు గడవలేదు. గడవకపోతే, అతను అడిగినదానికి ఇంకా జవాబు చెప్పొచ్చు.

మర్నాడు ఎవరూ రాకముందే, పక్క గదుల్లో మిషన్ల పంపులు మొదలవకముందే, ఆమె గదికి వచ్చింది. బల్ల తుడిచింది. ఎక్కడా ఇసుక లేకుండా చూసుకుంది. ట్యూబులైటు వేసుకుని, ఆ రోజు కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. రాడేమో అని భయం వేసింది.

"చీకటేనా?"

"కాదండీ" అంది ఆమె. "వెలుతురే. లోపలికి రండి."

తలుపు తెరుచుకోలేదు. బెంచీ కిర్రుమనలేదు. ఆమె లేచి తనే తలుపు తీసింది. నడవాలో ఎవరూ లేరు. బయటికి వచ్చి బెంచీ మీద, అతను కూర్చునే వైపు కూర్చుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. లోపలి మనిషికి బయటి బెంచీతో ఏం పని? స్ప్రింగు తలుపు దానంతట అదే మూసుకుంది.

అప్పుడు వినిపించింది. మూసిన తలుపు వెనక నుంచి ట్యూబులైటు చోకు, జుయ్యిమని, చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా. పగలు పంపుల రొదలో ఎవరికీ వినపడదు. ఈ వేళప్పుడు, ఆ రోజు అతను వచ్చిన వేళప్పుడు, వినపడుతుంది. ఎర్రదీపానికి చప్పుడుండదు.

అతనికి తెలుసు. ఆ రోజు కూర్చున్నంతసేపూ ఆ రొద వింటూనే ఉన్నాడు. లోపల చీకటి లేదనీ, తలుపు తోస్తే ఏమీ పాడవదనీ తెలిసే, ఆమె నోటితో "వెలుతురే" అంటుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

ఆమె చెయ్యి చాచి తలుపు మీద పెట్టింది.

"చీకటేనా?" అని అడిగింది.

లోపల్నుంచి ఎవరూ పలకలేదు. చోకు మోగుతూనే ఉంది.